పన్నెండింటి దాకా దిగని జెండా

పైనుంచి ఎవరో వచ్చి, నాలుగు రోజులు తిరిగి, ఆ ఊరు కాపురానికి చాలా అనువైనదని రాసిపోయారు. ఎండ మితంగా ఉంటుందట. గాలిలో దుమ్ము లేదట. సరస్సు చుట్టూ నడకదారి, సైకిళ్ళ దారి, పడవలు, ఈత, అలసిపోతే కూలబడడానికి వంద అడుగులకో బెంచీ. పురపాలక ఆఫీసువాళ్ళు ఆ కాగితాన్ని పెద్దగా అచ్చు వేయించి రేవులో టికెట్ల గది గోడకి అంటించారు. జెండా రోజూ దాని పక్కనుంచే నడిచేవాడు. కాపురానికి అనువైన ఊరట! ఆ వారం మాత్రం దాన్ని చింపి నీళ్ళలో పారేయాలనిపించింది అతనికి.

జెండా అతని పేరు కాదు, అతని పని. పొద్దున్న ఆరింటికి రేవు చివరికి వెళ్ళి, తాడుకి కట్టిన థర్మామీటరు నీళ్ళలోకి జారవిడిచి మూడు నిమిషాలు ఉంచాలి. గాలి మీటరు తలకన్నా పైకెత్తి దాని బుల్లి రెక్కలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూడాలి. అవతలి గట్టున సున్నం కొట్టిన పడవల పాక కనిపిస్తోందా, మంచు కప్పేసిందా చూడాలి. ఆ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా ఎర్రజెండా, అన్నీ బాగుంటే పచ్చజెండా. ఎర్రది ఎగిరితే ఎవరూ నీళ్ళలో దిగకూడదు. అంకెలు పలక మీద సుద్దతో రాసి, జెండా ఎక్కించి, తాడు ముడికి తాళం వెయ్యాలి.

ఇవి కాక, అంకెలన్నీ బాగున్నా సరే, కొండల సందు వైపు చూసి గాలి లేస్తుందని అతనికి తోస్తే ఎర్రది ఎక్కించే అధికారం ఉంది. అప్పుడు పలక అడుగున 'గాలి లేస్తుంది' అని రాస్తాడు. అద్దంలా ఉన్న నీళ్ళు చూసి నవ్విన పెద్దమనుషులు, గంట తిరక్కుండా గాలి విరుచుకుపడితే నోళ్ళు మూసుకున్న రోజులు బోలెడు. ఆ పసిగట్టడం ఎలాగో అతనికీ తెలియదు. ఆకాశం అంచున ఏదో ఒక మసక, పిట్టలు ఎగిరే తీరులో ఏదో తేడా, అంతే. మీటరుకి అందనిది అతనికి అందుతుంది.

ఒకసారి ఎక్కిన జెండా మధ్యాహ్నం పన్నెండింటి దాకా దిగదు; పన్నెండు దాటాక ఆ రోజుకి ఈత ఉండదు. ఇతనికి ముందున్నవాడు ఎవరో బతిమాలితే మెత్తబడి తొమ్మిదింటికి జెండా మార్చాడు. ఆ రోజు పడవ తిరగబడి ఇద్దరు పోయారు. అప్పటినుంచీ అది రేవు కట్టుబాటు. పదకొండేళ్ళుగా జెండా దాన్ని ప్రాణంలా కాపాడుకొచ్చాడు.

ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అతనికి ఈత రాదు. అతని భార్యకి ఒక్కదానికే తెలుసు.

గురువారం పొద్దున పచ్చజెండా కింద నిలబడి పలక తుడుస్తుంటే నీళ్ళమీదనుంచి నవ్వు వినిపించింది. ఆడవాళ్ళ ఈత బృందం రేవుకి అవతల వంద గజాల దూరంలో ఉంది. నవ్వింది అతని భార్య. నవ్వి, నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ నవ్వింది. పక్కన ఈత మాస్టారు బొజ్జ పైకి తేల్చి వెల్లకిలా పడుకుని, గాల్లో చేతులు విప్పి ఏదో చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఆయన తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. బట్టతల, అరవై రెండేళ్ళు. అలాంటి వాడి మీద కడుపు మండటం ఏమిటని జెండా తనని తానే కసురుకున్నాడు. అయినా మండింది. ఆ నవ్వు ఇంట్లో చివరిసారి ఎప్పుడు విన్నాడో గుర్తుచేసుకోబోతే ఎంతకీ గుర్తు రాలేదు.

"ఏం బావా, థర్మామీటరు మింగినవాడిలా అలా నిలబడిపోయావేంటి?" టికెట్ల కిటికీలోంచి మరదలు అడిగింది. భార్యకి చెల్లెలు. దాని నోటికి తాళం లేదు.

"మీ అక్క ఎందుకే అలా నవ్వుతోంది?"

"నీళ్ళమీద పడుకుని పేపరు చదవడం నేర్పిస్తానన్నాట్ట మాస్టారు. నీకెందుకు?"

"నాకేం? నాకేమీ లేదు."

"ఏమీ లేకపోతే పాపం ఆ సుద్దముక్క ఏం చేసింది?"

చూసుకుంటే అరచేయంతా తెల్లగా పొడి. ఇంతలో మాస్టారు ఒడ్డెక్కి, తువ్వాలు మెడలో వేసుకుని, నీళ్ళు కార్చుకుంటూ వచ్చాడు.

"బావగారూ! మా చెల్లెమ్మ చేపపిల్లండీ బాబూ! ఆదివారం అవతలి గట్టుకి ఇట్టే పోతుంది, రాసిపెట్టుకోండి."

భార్యని చెల్లెమ్మ అన్నాడు కాబట్టి జెండా ఆయనకి బావగారయ్యాడు. అడక్కుండా, పిలవకుండా ఒక బావమరిది పుట్టుకొచ్చాడు. కోప్పడటానికి కూడా వీల్లేని పిలుపు అది. "చూద్దాం" అని మూతి ముడుచుకున్నాడు.

ఆదివారం సంగతి ఊరంతా చెప్పుకుంటోంది. ఆడవాళ్ళకి ఈత నేర్పడానికి సరస్సు దగ్గర జీతానికి ఒక ఆడమనిషిని వేసుకుంటున్నారు. షరతు ఒక్కటే: పురపాలక ఆఫీసు సూపర్నెంటు చూస్తుండగా, పడవ ముట్టుకోకుండా అవతలి గట్టుకి ఈది చేరాలి. ఊళ్ళో పేరిచ్చింది అతని భార్య ఒక్కతే. ఇదివరకైతే ఈ రోజులకి నీళ్ళు గడ్డకట్టే చలిగా ఉండేవి. ఈ మధ్య చలి ఏటికేడాదీ ఆలస్యంగా వస్తోంది కాబట్టి ఈత ఈ ఆదివారం దాకా సాగింది. సోమవారం నుంచి ఈత బంద్. ఆదివారం తప్పిపోతే పైనుంచి సర్టిఫికెట్లున్న మనిషిని పంపేస్తారు. తొమ్మిదేళ్ళుగా ఆవిడ లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. దుప్పట్లు తెల్లబరిచే మందు నీళ్ళకి వేళ్ళ సందులు పగిలిపోయాయి. ఆవిడ ఆశంతా ఆ గట్టు మీదే ఉంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఆవిడ బేసిన్ నిండా నీళ్ళు పోసి, గట్టు మీద పెట్టి, జుట్టు ముడేసుకుంది.

"ఏమండీ, నేను మొహం ముంచుతాను. ఎంతసేపు ఉంటానో లెక్కపెట్టండి."

ముంచింది. అతను లెక్కపెట్టాడు. మెడ వెనక చిన్న వెంట్రుకలు తడిసి అతుక్కున్నాయి. నలభై ఒకటికి తల ఎత్తింది. కళ్ళు ఎర్రబడి, మొహమంతా వెలిగిపోతోంది.

"ఎంత?"

"ఇరవై తొమ్మిది."

"అదేంటి, చాలాసేపు ఉన్నట్టుందే!" మొహం తుడుచుకోకుండానే మళ్ళీ ముంచింది. రెండోసారి నలభై నాలుగు. అతను ముప్ఫై అన్నాడు. ఆవిడ నిరాశగా బేసిన్ ఒంపేస్తూ, "మీరూ నేర్చుకోకూడదూ? మాస్టారు వారంలో తేల్చేస్తారు మిమ్మల్ని" అంది. ఆ మాట మంచికే అంది. అతనికి మాత్రం ప్రాణం చివుక్కుమంది.

శుక్రవారం నీళ్ళు ఇరవై డిగ్రీలు, గాలి ఆరు. అవతలి పాక తలుపుకున్న గొళ్ళెం కూడా కనిపిస్తుందేమో అన్నంత తేటగా ఉంది. కొండల సందు కడిగిన పళ్ళెంలా ఉంది. అతను అంకెలన్నీ నిజాయితీగా రాశాడు. చివర కాసేపు ఆగాడు. అడుగున 'గాలి లేస్తుంది' అని రాశాడు. ఎర్రజెండా ఎక్కించి, తాళం వేసి, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. ఆడవాళ్ళు జెండా చూసి సంచులు భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. "బావగారు ఎర్ర అంటే ఎర్రే" అంటూ మాస్టారూ వెళ్ళిపోయాడు. అంత తేలికని అతను అనుకోలేదు. ఒక్క సుద్దగీతతో సరస్సుకి సరస్సు ఖాళీ! కాసేపు హాయిగా అనిపించింది. పన్నెండింటి దాకా చూస్తూ కూర్చున్నాడు. గాలి లేవలేదు. నీళ్ళమీద ఒక్క మడత పడలేదు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భార్య చేతులు కడుక్కుంటూ అడిగింది.

"గాలి లేస్తుందని రాశారు కదా?"

"కొండ అవతలే ఆగిపోయినట్టుంది."

"ఊఁ. లాడ్జి మేడ మీద డెబ్భై దుప్పట్లు ఆరేశాను. ఒక్కదాని అంచు కదల్లేదు." కంచం ముందుకి లాక్కుంది.

శనివారం బుద్ధిగా పచ్చజెండా ఎక్కించాడు. "నిన్న గాలి ఎక్కడ లేచింది బావా, నీ బుర్రలోనా?" అని మరదలు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అక్కడితో ఆగిపోయేవాడేమో. కానీ ఏడున్నరకి మాస్టారు నడుములోతు నీళ్ళలో నిలబడి, అతని భార్యని వెల్లకిలా పడుకోబెట్టి, నడుం కింద ఒక అరచెయ్యి ఉంచాడు. "వదిలేస్తున్నా చెల్లెమ్మా, భయపడకు" అన్నాడు. చెయ్యి తీసేశాడు. ఆవిడ తేలింది. కళ్ళు మూసుకుని, చేతులు బార్లా చాపి, అంత నిశ్చింతగా పడుకోవడం పద్దెనిమిదేళ్ళ కాపురంలో అతను చూడలేదు. తన పక్కన ఏనాడూ అలా పడుకోలేదు. మాస్టారి చెయ్యి సంగతి మర్చిపోయాడు. అసలు ఆ నీళ్ళ మీదే కుళ్ళు పుట్టుకొచ్చింది. తను మోకాలి లోతు కూడా దిగలేని చోట ఆవిడ సొంతింట్లోలా పడుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం ఇంట్లో మొదలుపెట్టాడు.

"ఉన్న ఉద్యోగం చాలదా నీకు? ఊరందరి ముందూ ఆ తడిబట్టలేంటి?"

"ఈత కొట్టేవాళ్ళు పొడిబట్టలతో ఉంటారా?" ఆవిడ సంచిలో తువ్వాలు, టోపీ సర్దుకుంటోంది.

"వెటకారం వద్దు. నలభై ఏళ్ళొచ్చాయి."

"అందుకేనండీ. ఇంకో పదేళ్ళు ఆ మందునీళ్ళలో చేతులు పెట్టలేను." సంచి మూసింది. "అయినా నీళ్ళలో దిగితే నాకు హాయిగా ఉంటుంది. దానికి కూడా మీకు జవాబు చెప్పాలా?"

చెప్పాలి అనబోయాడు. ఆవిడ ఎనిమిదింటికే దీపం ఆర్పి అటు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దున నీళ్ళు పంతొమ్మిది, గాలి ఐదు, పాక స్పష్టంగా ఉంది. కొండల సందులో మసకన్నదే లేదు. జెండా పది నిమిషాలు సుద్ద పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అడుగున ఆ రెండు మాటలూ రాసేశాడు. ఎర్రది ఎక్కింది.

ఏడింటికల్లా రేవు కిటకిటలాడింది. ఆదివారం కదా, సైకిళ్ళవాళ్ళు, నడకవాళ్ళు, కాగితం చదివి ఊరు చూడవచ్చినవాళ్ళు. సూపర్నెంటు గొడుగు చంకన పెట్టుకుని వచ్చి జెండా వైపు చూసి నొసలు చిట్లించాడు.

"ఏమయ్యా, చెరువు నిద్రపోతున్నట్టుందిగా?"

"లేస్తుంది సార్. కొండ సందులోంచి."

"అయితే ఇంకేం చేస్తాం, నీ మాటే మాట" అన్నాడాయన. మాస్టారు తోడు వెళ్ళాల్సిన పడవ తాడు చేత్తో పట్టుకుని, దిగులుగా మళ్ళీ కట్టేశాడు.

భార్య టోపీ పెట్టుకుని, భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని వచ్చింది. పలక చదివింది. కొండల సందు వైపు చూసింది. చివరికి అతని మొహంలోకి చూసింది. అతను తాళంచెవి జేబులో వేసుకోవడంలో పడ్డాడు. తలెత్తలేదు. ఇప్పుడు అరుస్తుంది, నలుగురిలో కడిగేస్తుంది అనుకుని ఒళ్ళు బిగబట్టాడు. ఒక రకంగా అదే కావాలనుకున్నాడు. అరిస్తే తనూ అరవొచ్చు.

ఆవిడ అరవలేదు. అప్పటికే పైఊరి కుర్రకారు నలుగురు నవ్వుకుంటూ నీళ్ళలోకి దిగుతున్నారు. ఆవిడ గబగబా మెట్లు దిగి వాళ్ళకి అడ్డంగా నిలబడింది.

"దిగకండి బాబూ. జెండా చూడలేదా?"

"గాలెక్కడుందండీ?"

"మీకు తెలీదు. ఆయన లేస్తుందని రాశారంటే లేస్తుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాం. పైకి రండి, మాట వినండి."

వాళ్ళు గొణుక్కుంటూ పైకి వచ్చారు. ఆవిడ సూపర్నెంటు దగ్గరికి వెళ్ళింది.

"నా పేరు కొట్టేయండి సార్."

"వచ్చే ఏడు దాకా ఆగడానికి ఉండదమ్మా. వేరే మనిషిని పంపేస్తారు."

"సరే సార్" అంది. తువ్వాలు తీసి, తడవని బట్టల మీదే స్వెట్టరు తొడుక్కోబోయింది. చెయ్యి స్వెట్టరు చేతిలో ఇరుక్కుని బయటికి రాలేదు. రెండుసార్లు లాగింది. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

జెండాకి తల తీసేసినట్టయింది. తిట్టినా, కొట్టినా తట్టుకునేవాడు. తన అబద్ధాన్ని ఊరి ముందు తనకన్నా గట్టిగా నిలబెట్టి, ఆవిడ తన ఆశని తనే చంపేసుకుంది. అతను జెండా కర్ర దగ్గరికి నడిచాడు. తాళం తీశాడు.

"బావా! పన్నెండు కాలేదు!" మరదలు కిటికీలోంచి కేకపెట్టింది.

ఎర్రజెండా కిందికి దిగుతుంటే తాడు చప్పుడు కూడా వినిపించింది.

"ఏం చేస్తున్నావయ్యా?" సూపర్నెంటు ఒంటికాలి మీద లేచాడు. "కట్టుబాటు మర్చిపోయావా?"

"గాలి లేవదు సార్. లేస్తుందని అబద్ధం రాశాను. శుక్రవారం కూడా."

"అంటే... పొరపాటు పడ్డావన్నమాట."

పొరపాటే అనేస్తే పోయేది. ఆయన దారి కూడా చూపించాడు. జెండా చుట్టూ చూశాడు. మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. భార్య స్వెట్టరు మెడలో వేలాడుతుండగా కదలకుండా నిలబడింది.

"పొరపాటు కాదు. మా ఆవిడ వెళ్ళకూడదని రాశాను. నాకు కుళ్ళొచ్చింది సార్. నాకు ఈత కూడా రాదు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. సూపర్నెంటు చెయ్యి చాచాడు. జెండా తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు. "రేపు ఆఫీసుకి రా. సంజాయిషీ రాయాలి" అని ఆయన, కాసేపు కొండలకేసి చూసి, "పచ్చది ఎక్కించు. నీ చేత్తో ఇదే ఆఖరు" అన్నాడు.

పచ్చజెండా ఎక్కింది. ఆవిడ స్వెట్టరు తీసి చెల్లెలి చేతికిచ్చి, అతని వైపు చూడకుండా మెట్లు దిగి, నీళ్ళలోకి జారింది. మాస్టారు పడవలో వెనకే బయల్దేరాడు.

యాభై రెండు నిమిషాలు. మొదట చేతులు కనిపించాయి, తర్వాత టోపీ, తర్వాత ఒక చుక్క. సగం దూరంలో ఆ చుక్క చాలాసేపు ఉన్నచోటే ఆగిపోయింది. రేవు చివరి బల్ల దాకా పరిగెత్తి, అక్కడినుంచి ఎటూ పోలేక నిలబడ్డాడు. చుక్క మళ్ళీ కదిలింది. అవతల పాక తెల్లగోడ ముందు ఒక మనిషి నిలబడి చేతులూపింది. రేవంతా చప్పట్లు కొట్టింది. అతనికి కొట్టడానికి మొహం చెల్లలేదు.

పడవలో తిరిగివచ్చిన ఆవిడతో సూపర్నెంటు, "రేపు పదింటికి వచ్చి సంతకం పెట్టమ్మా" అన్నాడు. మర్నాడు మొగుడూ పెళ్ళాం ఒకే ఆఫీసుకి వెళ్ళాలి. ఆవిడ ఉద్యోగంలో చేరడానికి, అతను సంజాయిషీ ఇవ్వడానికి.

జనం పల్చబడ్డాక ఆవిడ బెంచీ మీద కూర్చుంది. పెదాలు నల్లబడ్డాయి, ఒళ్ళంతా వణుకుతోంది. అతను తువ్వాలు తెచ్చి అందించాడు. చాలాసేపటినుంచి గొంతులో ఆడుతున్న మాట బయటపెట్టాడు.

"తెలిసి కూడా అందరినీ ఆపావు. నా పరువు పోకూడదని కదూ?"

"మీ పరువా?" ఆవిడ తల తుడుచుకుంటూ ఆగింది. "ఎర్రజెండా ఉండగా వాళ్ళు దిగి, ఏమీ కాకుండా పైకొచ్చారనుకోండి. రేపు నిజంగా గాలొచ్చే రోజున ఇంకెవరైనా ఆగుతారా? అందుకు ఆపాను. మీ కోసం కాదు."

అతను తల దించుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, "మధ్యలో ఆగిపోయావు. ఆయాసం వచ్చిందా?" అని అడిగాడు.

"భయం వేసింది."

"నీకా?"

"మీరు రెండు జెండాలు ఎక్కించారు కదండీ. సగం దూరం వెళ్ళాక, ఎర్రదే నిజమేమో అనిపించింది. నేను ఏడుపు ఆపుకోవడం చూసి, జాలిపడి పచ్చది ఎక్కించారేమో అని. ముందుగా గాలిని పసిగట్టేది ఊళ్ళో మీరొక్కరే. ఇంకెవర్ని అడగను? వెనక్కి రావాలో ముందుకెళ్ళాలో తెలియక అక్కడే తేలుతూ ఉండిపోయాను."

"పచ్చదే నిజం" అన్నాడు అతను. "ఒట్టు. పచ్చదే."

"అది ఇప్పుడు నాకూ తెలుసు. ఒడ్డున కూర్చున్నాను కదా" అంది ఆవిడ, జుట్టులోంచి నీళ్ళు పిండుకుంటూ.